వదిలేసిన వాంగ్మూలం

మా వంటింటి గోడకి ఒక చెమ్మ గీత ఉంది. నేల నుంచి సరిగ్గా జానెడు ఎత్తున, స్కేలు పెట్టి గీసినట్టు, పొయ్యి గట్టు వెనక మొదలై తలుపు దాకా వస్తుంది. సున్నం వేయించాం, రంగు వేయించాం, ఒకసారి గోడంతా గీకించి కొత్తగా సిమెంటు పూయించాం. ఆరు నెలలు ఊరుకుని మళ్లీ అక్కడే తేలింది. ఒక మేస్త్రీ పైపు కారుతోందన్నాడు, ఇంకొకడు ఇటుక మంచిది కాదన్నాడు, మూడోవాడు మా అదృష్టం మంచిది కాదన్నాడు. పక్కింటివాళ్లకీ, ఎదురింటివాళ్లకీ కూడా అదే ఎత్తున ఉంది. వీధంతా ఉన్న జబ్బుకి మనొక్కళ్లం మందేం వేసుకుంటాంలే అని నేనూ మా చెల్లీ వదిలేశాం.

నేను కోర్టులో ముప్పై నాలుగేళ్లు షార్ట్‌హ్యాండ్ రాసి రిటైరయ్యాను. నన్నందరూ పెన్సిలమ్మ అంటారు. నా ముందు అనరు, ముక్కు మీద కోపం అని పేరుంది కదా. షార్ట్‌హ్యాండ్ సంగతి తెలియనివాళ్లకి ఒకటి చెప్పాలి. అందులో మాటలుండవు, గీతలుంటాయి, లావువి, సన్నవి. ఎవరి గీతలు వాళ్లకే తెలుస్తాయి. నా నోట్‌బుక్కు నేను తప్ప ఇంకెవరూ చదవలేరు. రాసేటప్పుడు చెవిలోంచి మాట నేరుగా చేతిలోకి పోతుంది, మధ్యలో బుర్రకి పనిలేదు. హత్య కేసుల్లో సాక్షి చెప్పేది రాస్తూ నేను పొయ్యి కట్టేశానా లేదా అని ఆలోచించిన రోజులున్నాయి. సాయంత్రం టైపు చేసేటప్పుడే తెలిసేది ఎవరు ఎవర్ని ఎలా చంపారో.

మా చెల్లి నాకంటే ఆరేళ్లు చిన్నది. బడిలో సైన్సు చెప్పేది, ఇప్పుడు చెరువుల టీచరంటే రాష్ట్రమంతా తెలుసు. నాలుగేళ్లు ఒక గుడ్డ సంచీ భుజాన వేసుకుని ఊరూరా తిరిగింది. చెరువుల్ని కాపాడ్డానికి రాష్ట్రం మొత్తానికి ఒకే చట్టం కావాలని సంతకాలు సేకరించింది. జ్వరమొచ్చినా ఆగలేదు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారే, ముందు మన వంటింటి చెమ్మ సంగతి చూడమని నేను ఎగతాళి చేసేదాన్ని. అది నవ్వి బస్సెక్కేసేది.

చివరికి శాసనసభ ఒక సంఘం వేసింది. నాలుగు పట్నాల్లో జనం మాట వింటారు, ఆ మాటల్ని బట్టి చట్టం ఖాయం చేస్తారు. చట్టం ముసాయిదాలో రెండు జాబితాలుండేవి. మొదటిది నీళ్లున్న చెరువులు, తొమ్మిది వేల పైచిలుకు. రెండోది పూడ్చేసిన చెరువులు. వాటి మీద కట్టిన ఇళ్లు ఖాళీ చేయించి, వేరే చోటు చూపించి, నీటికి దారి వదలాలని ఉంది. ఇళ్లు కట్టి అమ్మేవాళ్లు రెండో జాబితా తీసేస్తే మొదటిదానికి అడ్డురామన్నారు. చెల్లివాళ్లు వారం రోజులు తర్జనభర్జన పడి ఒప్పుకున్నారు. పోయినవి ఎలాగూ పోయాయి, ఉన్నవైనా దక్కుతాయని.

మాటలు రాయడానికి మనిషి కావాలంటే నా పేరొచ్చింది. టీచరుగారి అక్క కదా, అవతలివాళ్లు ఒప్పుకోరనుకున్నాం. తీరా చూస్తే వాళ్ల లాయరే ముందు ఒప్పుకున్నాడు. కోర్టులో ఒకసారి అతను నోరుజారి తన కక్షిదారు తప్పు తనే ఒప్పేసుకుంటే, ఆ వాక్యం కొట్టేయమని నా బల్ల దగ్గరికొచ్చి బతిమాలాడు. నేను కొట్టలేదు. అప్పటినుంచి నేనంటే అతనికి కోపమూ నమ్మకమూ రెండూ ఉన్నాయి. ఈవిడ రాసిందేదైనా మేం ప్రశ్నించబోమని కాగితం మీద రాసిచ్చాడు.

నియమాలు కోర్టువే. మనిషి చెప్పింది రాసి, చదివి వినిపించి, ఇది నీ మాటేనా అని అడగాలి. నా మాటే అంటే సంతకం తీసుకోవాలి. సంతకం పెట్టలేనివాళ్లకి, వాళ్లు ఒప్పుకుంటే, రాసినవాళ్లే వాళ్ల తరఫున పెట్టొచ్చు, బాధ్యత మాత్రం రాసినవాళ్లది. మొదటి రోజే చేతులు వణికే ముసలి జాలరి ఒకాయనకి అలా పెట్టాను. ఒక్కో పట్నానిదీ టైపు చేశాక నేనొక ధ్రువీకరణ రాసివ్వాలి. విన్నదంతా రాశాను, విననిది రాయలేదు, ఏదీ వదల్లేదు అని.

మొదటి పట్నంలో బస్టాండు పక్కనున్న హాల్లో విన్నారు. పదిమంది మాట్లాడారు. మర్నాడు మధ్యాహ్నం ఇంట్లో టైపు చేస్తూ కూర్చుంటే మూడో మనిషికీ నాలుగో మనిషికీ మధ్య మూడు పేజీలు కనిపించాయి. గీతలు నావే. మాటలు మాత్రం నేనెప్పుడూ వినలేదు.

"నా మాట రాసుకో, అమ్మాయీ" అని మొదలైంది. నన్ను అమ్మాయీ అని పిలిచేవాళ్లు పోయి ఇరవై ఏళ్లయింది. తర్వాతంతా లెక్కగా ఉంది. పడమటి వైపు పదకొండు మెట్లుండేవట, ఆడవాళ్లు బట్టలుతికే బండలు ఏడుండేవట, వాటిలో ఒకటి పగిలిందట. "మూడు వేసవుల్లో నన్ను పూడ్చారు. తూము మీద హాలు కట్టారు. నాలుగో స్తంభం దాని నెత్తిన నిలబెట్టారు" అని ముగిసింది. పేరు లేదు. కింద సంతకం లేదు.

వయసైపోయింది, కునుకు పట్టి ఏదో గీకేసుంటానని నాకు నేను చెప్పుకున్నాను. ఆ మూడు పేజీల మీద అడ్డంగా గీత కొట్టి, తక్కినవన్నీ టైపు చేసి, ఏదీ వదల్లేదని సంతకం పెట్టాను. ముప్పై నాలుగేళ్లలో అది నా మొదటి అబద్ధం. కాఫీ తాగితే చప్పగా ఉంది.

రెండో పట్నంలోనూ అంతే. అయిదో మనిషి తర్వాత మూడు పేజీలు, అదే పలకరింపు. ఈసారి వేరే చెరువు, వేరే లెక్కలు, అవీ మెట్టు మెట్టుకీ లెక్కలే. మళ్లీ కొట్టేశాను. చెల్లికి చెప్పలేదు. దాని నాలుగేళ్ల కష్టం నా సంతకం మీద నిలబడి ఉంది, అక్కకి మతి తప్పిందని తెలిస్తే లాయరు మొత్తం రికార్డు చింపి పోగులు పెడతాడు.

మూడో పట్నంలో నేను జాగ్రత్తపడ్డాను. బుర్ర చేతి దగ్గరే పెట్టుకుని, రాసే ప్రతి గీతా చూస్తూ రాశాను. ఎవరూ రానూ లేదు, ఎవరూ అదనంగా మాట్లాడనూ లేదు. ఆరుగురు మాట్లాడారు, ఆరుగురివీ చదివి వినిపించాను, ఆరు సంతకాలూ తీసుకున్నాను. హాల్లోనే నోట్‌బుక్కు ముందునుంచి తిరగేశాను. రెండో మనిషి తర్వాత ఉన్నాయి, మూడు పేజీలు.

"పోయినసారి నా మాట రాసి కొట్టేశావు, అమ్మాయీ. అంతకు ముందూ కొట్టేశావు. కొట్టేసినంత మాత్రాన ఎక్కడికి పోతాను? ఉన్నచోటే ఉంటాను."

జనమంతా వెళ్లిపోయాక ఆ హాలు స్తంభాల దగ్గరికెళ్లి చూశాను. అన్నిటికీ చెమ్మ గీత ఉంది. జాన పెట్టి చూశాను. సరిగ్గా జానెడు.

మైకులు పెట్టే ఆయన వైర్లు చుట్టుకుంటున్నాడు. నాలుగు పట్నాలకీ అతనే, మాటలన్నీ రికార్డు చేసేదీ అతనే. నా మొహం చూసి ఒంట్లో బాగాలేదా అమ్మా అన్నాడు. ఏం లేదన్నాను. అతనే అన్నాడు, తన మెషీను పాడైందని, రెండుసార్లు విప్పించినా బాగుపడలేదని. హాల్లో మూడు గంటలు మాట్లాడితే రికార్డింగు మూడు గంటల పదకొండు నిమిషాలు వస్తోందట. మూడు చోట్లా పదకొండే.

మర్నాడు పొద్దున్నే అతని కొట్టుకి వెళ్లాను. పాత స్పీకర్లు, విప్పేసిన ఫ్యాన్ల మధ్య రెండు స్టూళ్లేసి వినిపించాడు. రెండో మనిషి, ఆ మనిషి కుర్చీ జరిపిన చప్పుడు, అంతే, ఆ తర్వాత ఏమీ లేదు. హాలు నిండా జనమున్నారు కదా, ఒక్కరు దగ్గలేదు. ఫ్యాను తిరగలేదు. బయట బస్సు హారను కూడా లేదు. ఒకే ఒక్క చప్పుడుంది, కాగితం మీద పెన్సిలు. మధ్యలో రెండుసార్లు పేజీ తిప్పిన చప్పుడు. నా పెన్సిలు చప్పుడు నాకు తెలియదా. సరిగ్గా పదకొండు నిమిషాలకి ఫ్యాను మళ్లీ తిరిగింది, సంఘం అధ్యక్షుడుగారు తర్వాతి మనిషిని పిలిచారు. మైకాయన నా వైపు చూడకుండా మెషీను ఆపేశాడు. ఆ పదకొండు నిమిషాలూ మీరేం రాశారమ్మా అని అడగలేదు. మంచివాడు.

నాలుగో పట్నం మాదే. అక్కడ నేను పెన్సిలు పట్టుకోవడానికే భయపడ్డాను. సాయంత్రం ఇంటికొచ్చి, చేతులు కడుక్కుని, వంటింట్లో పీట మీద కూర్చుని ఆ మూడు పేజీలు చదివాను. చదవకుండా ఉంటే బాగుండేదని ఇప్పటికీ ఒక్కోసారి అనిపిస్తుంది.

"మీ నాన్న కొలతల గుమాస్తా. నన్ను కొలవడానికొచ్చాడు. ఆ రోజు వాన. నా మూడో మెట్టు మీద కూర్చుని కాళ్లు కడుక్కున్నాడు. తుడుచుకుని, పుస్తకం తెరిచి, నీరు లేదు అని రాశాడు. రాసినందుకు నాలోనే ఒక ముక్క ఇచ్చారు. ఆ మెట్టు మీ పొయ్యి కింద ఉంది. ఆయన ఒక్క మాట అబద్ధం రాశాడు. నువ్వు మూడేసి పేజీల నిజం కొట్టేశావు. నువ్వు ఆయన కూతురివే, అమ్మాయీ."

మా నాన్న ఎవరి దగ్గరా చెయ్యి చాచని మనిషని మేం చెప్పుకు తిరిగేవాళ్లం. నాకు ఏడుపు రాలేదు, కోపమొచ్చింది. నీళ్లు చెప్పేదేమిటి, నేను వినేదేమిటని మర్నాడు కొలతల ఆఫీసు రికార్డు గదికి వెళ్లాను. అబద్ధమని రుజువు చేసి రావాలనే వెళ్లాను. రికార్డు చూసే ఆయన అరగంట వెతికి, దుమ్ము దులిపి పుస్తకం తెచ్చిచ్చాడు. మా నాన్న చేతిరాత నాకు తెలుసు, నాకు అక్షరాలు నేర్పింది ఆయనే. "నీరు లేదు" అని గుండ్రంగా రాసుంది. ఆ మాట మీద ఒక నీటిచుక్క పడి సిరా కొద్దిగా అలుక్కుపోయింది. పక్కనే వానల లెక్క పుస్తకం ఉంటే అదీ తీయించాను. ఆ తారీఖున ఊళ్లో అయిదంగుళాల వాన. రెంటికీ నకళ్లు తీయించుకున్నాను.

ఆ సాయంత్రం చెల్లికి అంతా చెప్పాను. నోట్‌బుక్కు చదివి వినిపించాను, నకళ్లు ముందు పెట్టాను. అది ఆ గోడ గీత వైపు చూసింది. నమ్ముతుందా, పిచ్చిదాన్నంటుందా అని నేను దాని మొహమే చూస్తున్నాను. అది నమ్మిందో లేదో చెప్పలేదు. ఈ ఇల్లు పోతే ఎక్కడికెళ్తాం అని మాత్రం అడిగింది. నాన్న పేరు బజారుకెక్కుతుందని కూడా అంది. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని నాకూ తెలుసు. అయినా అది ఆఖర్న అన్న మాటే నన్ను కోసేసింది.

"అక్కా, నువ్వు దెయ్యం చెప్పిందని చదివితే ఆ లాయరు రికార్డంతా కొట్టేయిస్తాడు. తొమ్మిది వేల చెరువులు బతికున్నాయి. చచ్చినవాటి కోసం వాటిని చంపుతావా?"

మూడో పట్నానికీ, నాలుగో పట్నానికీ కూడా ఏదీ వదల్లేదనే సంతకం పెట్టిచ్చాను. ఆ గీతలు నేను తప్ప ఎవరూ చదవలేరు. లేవంటే లేవు. అదే నన్ను పీక్కుతింది. మా నాన్న కొలత కూడా ఆయన తప్ప ఎవరూ చూడలేదు.

ఆఖరి రోజు సంఘంవాళ్లు రాజధానిలో కూర్చున్నారు. పొడుగాటి బల్ల, గోడకి గడియారం, ఒక్కొక్కరి ముందు ఒక్కో గ్లాసు నీళ్లు. చెల్లి మూడో వరుసలో సంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. అధ్యక్షుడుగారు నా ధ్రువీకరణలు నాలుగూ ముందు పెట్టుకుని, విన్నదేదీ వదల్లేదని నోటితో కూడా ఒకసారి చెప్పమన్నారు. అది తంతు, ఒక్క మాటంటే అయిపోతుంది. నేను లేచి నిలబడ్డాను.

"వదిలేశానండీ. నాలుగు చోట్లా వదిలేశాను. ఆ సంతకాలు అబద్ధం."

చెల్లి కళ్లు మూసుకోవడం నాకు కనిపించింది. నేను అటు చూడకుండా నోట్‌బుక్కు తెరిచి పన్నెండు పేజీలూ చదివాను. మా నాన్న సంగతి కూడా ఒక్క మాట మింగకుండా చదివాను. చదవడమయ్యాక నకళ్లు బల్ల మీద పెట్టాను.

లాయరు అప్పటికే లేచి ఉన్నాడు. ఎవరా మనిషి, ఎక్కడున్నాడు, హాల్లో ఎవరు చూశారు అని వరసగా అడిగాడు. అడగాల్సినవే అడిగాడు. అధ్యక్షుడుగారు మైకాయన్ని పిలిచి రికార్డింగు పెట్టమన్నారు. కుర్చీ చప్పుడు, తర్వాత పెన్సిలు. ఆ గదిలో అందరం పదకొండు నిమిషాలు నా పెన్సిలు విన్నాం. ఒకావిడ నీళ్ల గ్లాసు నోటిదాకా తెచ్చి తాగకుండా అలాగే పట్టుకుంది. అయిపోయాక అందరం గడియారం వైపు చూశాం. పెట్టినప్పుడు పన్నెండూ పది. ఇప్పుడూ పన్నెండూ పదే. గడియారం ఆగలేదు, సెకన్ల ముల్లు తిరుగుతూనే ఉంది.

లాయరు నోరు తెరిచాడు. అధ్యక్షుడుగారు అతను రాసిచ్చిన కాగితం తీసి అతని ముందుకి జరిపారు. ఈవిడ రాసిందేదైనా మేం ప్రశ్నించబోమని ఉంది అందులో. అతను దాన్ని చూశాడు, నన్ను చూశాడు, మెల్లగా కూర్చున్నాడు. కోర్టులో ఆ రోజు కొట్టేయని వాక్యం అతనికి గుర్తొచ్చే ఉంటుంది.

చెప్పినవాళ్ల ఒప్పుదల లేకుండా రికార్డులో ఎక్కించడం కుదరదమ్మా అన్నారు అధ్యక్షుడుగారు, గొంతు బాగా తగ్గించి. నియమం అది, ఆయన తప్పేం లేదు. నేను కొత్త పేజీ తిప్పి, పెన్సిలు కాగితం మీద ఆనించి, ఎవరూ లేని చోటు వైపు తిరిగి అడిగాను.

"చదివింది విన్నావు కదా. ఇది నీ మాటేనా?"

ఫ్యాను చప్పుడు ఆగిపోయింది. నా చెయ్యి కదిలింది. నేను కదపలేదు. కిందికి చూసి, ఉన్నదున్నట్టు పైకి చదివాను.

"నా మాటే. సంతకం పెట్టే చెయ్యి నాకు లేదు. నువ్వే పెట్టు, అమ్మాయీ."

పెట్టాను. తరఫున అని రాసి, కింద నా పేరు, నాన్న పేరుతో సహా పూర్తిగా రాశాను. మళ్లీ ఫ్యాను తిరిగింది.

తర్వాత జరిగింది పేపర్లలో వచ్చింది, సగం తప్పు. సంఘంవాళ్లు మొదటి పట్నంలో నాలుగో స్తంభం పక్కన తవ్వించారు, తూము రాయి దొరికింది. తక్కిన పట్నాల కొలత పుస్తకాలు తీయిస్తే అన్నిట్లోనూ నీరు లేదనే ఉంది, అన్నీ వానాకాలం తారీఖులే. చెల్లి భయపడ్డట్టు రికార్డు కొట్టేయలేదు. తొమ్మిది వేలూ చట్టంలోకెక్కాయి, రెండో జాబితా కూడా వెనక్కొచ్చింది. అందులో మా వీధి నాలుగో వరుసలో ఉంది. తొంభై రోజుల్లో ఖాళీ చేయమని నోటీసొచ్చింది. పక్కింటావిడ నా మొహం చూడ్డం మానేసింది. నేనామెను తప్పుపట్టను, నా స్థానంలో ఆమె ఉంటే నేనూ మానేసేదాన్ని.

చెల్లి నాతో మాట్లాడుతోంది కానీ అవసరానికే. దాని చట్టం గెలిచింది, దాని ఇల్లు పోయింది, రెండూ నా చేతిమీదుగానే. అది నన్ను క్షమించిందా అని అడిగే ధైర్యం నాకు లేదు.

ఖాళీ చేసే రోజు పొద్దున సామానంతా వీధిలో లారీకెక్కించాం. పొయ్యి కూడా తీసేశాక వంటిల్లు ఎవరిదోలా ఉంది. నేను ముందుగదిలో తాళాలు వెతుకుతుంటే లోపల్నుంచి చెల్లి అక్కా అని పిలిచింది. చాలా రోజుల తర్వాత మామూలు గొంతుతో పిలిచింది.

వెళ్లి చూస్తే వంటింట్లో జానెడు ఎత్తున నీళ్లున్నాయి. గోడ గీత దాకా. బురద లేదు, వాసన లేదు, నేల గచ్చు కనిపించేంత తేటగా ఉన్నాయి. గడప దాటి ఒక్క చుక్క ఇటు రాలేదు. చెల్లి బట్టలు మోకాళ్ల దాకా ఎత్తిపట్టుకుని, పొయ్యి గట్టు ఉండే చోట నిలబడి ఉంది. గచ్చు అక్కడికక్కడే ఉంది, పగలలేదు. అయినా అది కాలు ముందుకి వేస్తే ఆ కాలు గచ్చు దగ్గర ఆగలేదు, మోకాలి దాకా దిగింది.

నన్ను చూసి దాని కళ్లలో నీళ్లు తిరిగాయి. పడిపోతావే వచ్చెయ్ అన్నాను. అది తల అడ్డంగా ఊపి, కిందికి దిగిన కాలు మీద బరువు మోపి నిలబడింది.

"అక్కా, కాలికి మెట్టు తగిలింది" అంది.